రాసిచ్చిన మనోధర్మం: ఒక శిష్యురాలితో 14 నెలలు

నోట్‌బుక్కులో ఆకుపచ్చ ఇంకుతో ఆ స్వరాలు రాసిచ్చింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో తప్పు ఎక్కడ మొదలైందని వెతుక్కుంటూ వెళ్తే చివరికి నా చేతిరాత దగ్గరే తేలుతుంది.

విజయవాడలో ఇరవై రెండేళ్లుగా గాత్రం చెప్తున్నాను. ఈ అమ్మాయి నా దగ్గర చేరి అప్పటికి ఏడేళ్లు, వయసు పదిహేను. శృతిలో నిలుస్తుంది, గొంతులో గమకం బాగా పలుకుతుంది, అరవై దాకా కృతులు చూడకుండా పాడుతుంది, పోటీల్లో గెలిచిన కప్పులు వాళ్లింట్లో టీవీ పక్కన వరసగా ఉంటాయి. వినాయక నవరాత్రుల్లో మా కాలనీ పందిట్లో ఓ గంట పాడమన్నారు. ఇంకేముంది, హంసధ్వనిలో 'వాతాపి గణపతిం'. దానికి పల్లవి దగ్గర కల్పనాస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లి పాడాల్సిన స్వరాలు, మొదటి కాలంలో మూడు, రెట్టింపు వేగంతో రెండో కాలంలో మూడు, చివర్లో లెక్క కట్టి ముగించే ఒక ముక్తాయింపు. పేరుకి కల్పన, కల్పించింది మాత్రం నేను. ఆమె నెలరోజులు సాధకం చేసి అప్పజెప్పింది.

ఆ ముక్తాయింపు లెక్క చెప్తాను, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఆది తాళం, ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, 8 అక్షరాలు (లెక్కలు), రెండో కాలంలో అక్షరానికి నాలుగు స్వరాల చొప్పున మొత్తం 32. ముందు 13 స్వరాల నడక, తర్వాత ఐదు స్వరాల మాట మూడుసార్లు, వాటి మధ్య రెండేసి మాత్రల ఖాళీ. అంటే 5, 2, 5, 2, 5, మొత్తం 19. పదమూడూ పంతొమ్మిదీ ముప్పై రెండు. సమం మీద, అంటే ఆవర్తనం మొదటి అక్షరం మీద, మొదలుపెడితే సరిగ్గా మళ్లీ సమానికొచ్చి వాలి, 'వాతాపి' అని ఎత్తుకోవచ్చు.

ఆరోజు వయొలిన్ ఆయన ఆమె స్వరానికి జవాబిస్తూ మంచి ఊపులో ఒక్క అక్షరం ఎక్కువ వాయించారు. కచేరీల్లో ఇలాంటివి మామూలే, ఎవరూ పట్టించుకోరు. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడే నేర్పు, ఉన్నవాళ్లయితే ఆ 13లో ఒక నాలుగు స్వరాలు మింగేసి, 9 పాడి, 19కి వెళ్లిపోతారు, అంతే. ఈ పిల్లకి ఆ 13 విడదీయడానికి వీల్లేని ఒకే ముద్ద. ఒక అక్షరం ఆలస్యంగా మొదలుపెట్టి మొత్తం పాడింది. మృదంగం మాస్టారు సమం మీద ముగింపు కొట్టేశారు, ఈమెకి ఇంకో అక్షరం బాకీ ఉంది, ముందు వరసలో తొడ మీద తాళం వేస్తున్న పెద్దాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆమె 'వాతా' దాకా అని, మైకు కొంచెం పక్కకి జరిపి, నావైపు చూసింది. నేను తాళం చూపించాను. మళ్లీ అందుకోలేదు. వయొలిన్ ఆయనే పల్లవి ఎత్తుకుని, పాపం, ఎలాగో గట్టెక్కించారు.

మర్నాడు క్లాసులో ఆ విషయం ఎత్తకుండా, "ఏదీ, హంసధ్వనిలో ఒక ఆవర్తనం స్వరం పాడు, మనం రాసుకున్నవి కాకుండా వేరేవి" అన్నాను.

చాలాసేపు ఊరుకుని, "వేరేవి రాయలేదుగా టీచర్" అంది.

వెక్కిరింపేమీ కాదు. నిజంగానే ఆమె ఉద్దేశంలో స్వరం అంటే ఎవరో రాసేది. ఏడేళ్లు చెప్పి నేను తెచ్చిన స్థితి అది.

ఇది నా ఒక్కదాని ఇంట్లో జరిగే భాగోతం కాదని ఈ రంగంలో ఉన్న ఎవరినడిగినా చెప్తారు. పోటీల్లో ఐదారు నిమిషాలే ఇస్తారు, అందులోనే రాగం, కృతి, స్వరం, మూడూ కనిపించాలి. తల్లిదండ్రులకి ఈ నెల ఎన్ని కీర్తనలయ్యాయన్నది లెక్క. ఆన్‌లైన్ క్లాసులొచ్చాక మరీ కష్టమైంది, నేను వేసిన తాళం డల్లాస్‌లో ఉన్న పిల్లకి చేరేసరికి అర అక్షరం వెనకబడుతుంది, ఇద్దరం కలిసి స్వరం పాడుకోవడమే కుదరదు, దాంతో "రాసి వాట్సాప్ చేస్తాను, నేర్చుకోమ్మా" అనేస్తాం. శంకరాభరణం నుంచి పుట్టిన రాగం, ఐదే స్వరాలు, మధ్యమం లేదు, ధైవతం లేదు, పిల్లలు ఆడుకోవడానికి హంసధ్వని కన్నా తేలికైన పెరడు ఉంటుందా? దానికి కూడా గోడ కట్టి తాళం వేసి ఇస్తున్నాం.

ఒకప్పుడు మనవాళ్లకి మనోధర్మం మీద ఎంత ధీమా ఉండేదో చెప్పడానికి బొబ్బిలి కేశవయ్య అనే గాయకుడి కథ ఒకటి చాలు. భూలోక చాపచుట్టి అని బిరుదు వేసుకుని తంజావూరు సభకి వెళ్లి సవాలు చేశాడంటారు. అక్కడ శ్యామశాస్త్రి గారు శరభనందన తాళంలో పల్లవి పాడితే అందుకోలేకపోయాడంటారు. కథలో మన బొబ్బిలాయన ఓడిపోయాడు, నిజమే. కానీ రాసుకొచ్చింది అప్పజెప్పి ఓడలేదు కదా. అప్పటికప్పుడు పాడబోయి ఓడాడు. అలా ఓడే అవకాశం కూడా మా పిల్లలకి లేకుండా పోయింది.

ఆ దసరా సెలవులకి అమెరికా నుంచి ఆ అమ్మాయి పెద్దమ్మ కూతురు వచ్చింది, పియానో నేర్చుకుంటోంది. మొజార్ట్ కన్చెర్టోలో వాద్యబృందం ఆగిపోయి పియానో ఒక్కటే వాయించే చోటు ఉంటుందని, దాన్ని కడెంజా అంటారని, అది ఒకప్పుడు అప్పటికప్పుడు కల్పించి వాయించేవారని చెప్పింది. "మరి నువ్వు?" అంటే, "అది కూడా పుస్తకంలో రాసే ఉంటుందాంటీ, అదే వాయిస్తాం" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత కాస్త చదివితే తెలిసింది, వాళ్ల కథ మనకన్నా ముదిరిపోయిందని. బాఖ్, మొజార్ట్, బీథోవెన్, అందరూ కూర్చున్నచోటే కల్పించి వాయించడంలో పేరు మోసినవాళ్లే. బీథోవెన్ 1809లో తన ఐదో పియానో కన్చెర్టో రాసేటప్పుడు, ఇక్కడ కడెంజా వాయించొద్దు, నేను రాసింది వాయించండి అని స్వయంగా సూచన పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లలో మెల్లమెల్లగా రాసింది రాసినట్టు వాయించడమే మర్యాద అయిపోయింది. చర్చి ఆర్గాన్ వాయించేవాళ్లు మాత్రం వదల్లేదు. ఇప్పుడు మళ్లీ తవ్వి తీస్తున్నారు. రాబర్ట్ లెవిన్ అనే అమెరికన్ పియానిస్టు మొజార్ట్ కడెంజాలు వేదిక మీదే కల్పిస్తాడు. వెనిజులా ఆవిడ గబ్రియేలా మాంటెరో శ్రోతల్ని ఒక పాట పాడమని, దాన్నే పట్టుకుని అల్లుకుపోతుంది.

నాకు పనికొచ్చింది మాత్రం నేపుల్స్. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ నాలుగు సంగీత పాఠశాలలుండేవి, మొదట అనాథ పిల్లల కోసం పెట్టినవి. పిల్లవాడికి పూర్తి పాట ఇవ్వరు. కింది స్వరాల వరస ఒక్కటే రాసిస్తారు, పైన ఏం రావాలో వాడే వాయిద్యం మీద కల్పించుకోవాలి. దాన్ని పార్తిమెంతో అనేవాళ్లు. ఎముకలు గురువువి, కండ శిష్యుడిది. నేనేం చేశానంటే రెండూ నేనే ఇచ్చి, పైన చర్మం కూడా కుట్టి ఇచ్చాను.

సరే, నోట్‌బుక్ మూసేశాం. వారానికి రెండు క్లాసులు, ప్రతి క్లాసులో మొదటి ఇరవై నిమిషాలు దీనికే. మొదటి అని ఎందుకంటున్నానంటే, ఇదివరకు మనోధర్మం క్లాసు చివర టైముంటే చూద్దాంలే అనే బాపతు, ఆ టైము ఏనాడూ ఉండేది కాదు. నాకు నేను పెట్టుకున్న షరతు ఒకటుంది. ఆ ఇరవై నిమిషాల్లో శృతి తప్పితే చెప్తాను, తాళం తప్పితే చెప్తాను, రాగంలో లేని స్వరం పడితే చెప్తాను. బాగాలేదు అని మాత్రం అనకూడదు. చెప్పడం తేలికే. బాగాలేని స్వరం వింటూ ముఖం మామూలుగా పెట్టుకుని కూర్చోవడం ఎంత నరకమో పాఠం చెప్పేవాళ్లకే తెలుస్తుంది. పిల్లలకి మనోధర్మం రాకపోవడం పెద్ద సమస్యేమీ కాదని నాకిప్పుడు అనిపిస్తుంది. అది వచ్చేదాకా పిచ్చిపిచ్చిగా ఉండే ఆ మధ్య కాలాన్ని వినే ఓపిక మనకి లేదు, అందుకే రాసిచ్చేస్తాం.

మొదటి మూడు నెలలూ దాదాపు వృథా. "ఏదైనా పాడు, నీ ఇష్టం" అన్నాను, అదే పొరపాటు. ఇష్టం వచ్చింది పాడమంటే మనిషికి నోటికి అలవాటైందే వస్తుంది. ఆమెకి సరళీ స్వరాలు వచ్చేవి. స రి గ రి, స రి గ ప, అచ్చం ఎనిమిదేళ్లప్పుడు పాడినట్టే. నాకేమో విసుగు, ఆమెకేమో టెన్షన్. ఒకరోజు "టీచర్, ఇంతకన్నా మీరు రాసినవే బాగున్నాయి" అని తేల్చేసింది. నిజానికి బాగున్నాయి కూడా.

మలుపు ఎక్కడంటే, అసలు స్వరాలు పాడొద్దన్నాను. తాళం వెయ్, ఏడక్షరాలు నోరు మూసుకో, చివరి అక్షరంలో మాత్రం నాలుగు స్వరాలు పాడి 'వాతాపి' మీద వాలు. అంతే. ఆ నాలుగూ ఏవైనా సరే, పల్లవి ఎత్తుకునే స్వరానికి పక్కన దిగాలి, దూకినట్టు ఉండకూడదు. మొదట్లో పదిసార్లలో మూడుసార్లు కూడా సరిగ్గా వాలలేదు. కప్పులు గెలిచిన పిల్ల! అప్పుడర్థమైంది, ఇన్నాళ్లూ ఆమె తాళాన్ని లోపల మోయడం లేదు, స్వరాల వరస పట్టుకుని నడుస్తోంది, వరస అయిపోయిందంటే సమం వచ్చినట్టే అని లెక్క. పందిట్లో జరిగిందంతా ఇదే.

అక్కణ్ణించి వెనక నుంచి ముందుకి కట్టుకుంటూ వచ్చాం. చివరి రెండక్షరాలు, తర్వాత నాలుగు, తర్వాత సగం ఆవర్తనం మౌనం, సగం స్వరం. ఇల్లు దూలం నుంచి కట్టినట్టే అనుకోండి, కానీ వాలే చోటు భయం పోతే మధ్యలో మనిషి తిరుగుతుంది. నాలుగో నెల చివరికి పదిలో ఎనిమిదిసార్లు వాలేది. ఒకసారి నేనే కావాలని మాట్లాడించాను, తాళం వేస్తుండగా "ఇవాళ టిఫినేం తిన్నావ్" అని. "పెసరట్టు" అని జవాబిచ్చి మరీ సమానికి అందుకుంది. ఆరోజు నాకు కలిగిన ఆనందం ఆమె ఏ కప్పుకీ కలగలేదు.

నేపుల్స్ ఎముకలు ఇక్కడ దింపాను. నాలుగు ఆవర్తనాలు, ఒక్కోదానికి చివరి నాలుగు స్వరాలు మాత్రం బోర్డు మీద రాస్తాను: ఒకటి పంచమంలో దిగుతుంది, ఒకటి నిషాదంలో, ఇంకోటి గాంధారంలో, ఆఖరిది పల్లవికి. మిగతాదంతా ఖాళీ. ఖాళీ నింపడానికి సరుకు ఎక్కణ్ణించి వస్తుందంటే, జంట స్వరాల నుంచి, దాటు స్వరాల నుంచి, అలంకారాల నుంచే. అవి గొంతు తిరగడానికి చేసే కసరత్తని ఇన్నాళ్లూ అనుకున్నాను. దాటు స్వరాన్ని హంసధ్వనిలో పెట్టి, రెండు చోట్ల విరిచి, ఒక చోట ఖాళీ వదిలితే అది స్వరకల్పనే. పూర్వం గురువులు వాటిని ముందు పెట్టింది ఇందుకేనేమో.

ముక్తాయింపు లెక్కలు ఆరో నెల దాకా ముట్టుకోలేదు. అప్పుడు కూడా 13, 19 నేను చెప్పలేదు. ఐదు స్వరాల మాట మధ్యలో రెండేసి ఖాళీతో మూడుసార్లు పాడి సమానికి రా, ఎక్కడ మొదలుపెట్టాలో నువ్వే కనుక్కో అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టింది, కాగితం మీద గీసింది, రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి "మూడో అక్షరం అయ్యాక నాలుగో దాంట్లో ఒక్క స్వరం వదిలి మొదలుపెట్టాలి టీచర్, కాదూ?" అంది. అవును, పన్నెండూ ఒకటీ పదమూడు. అదే లెక్క, కానీ ఇప్పుడు ఆమెది. ఆ వారంలోనే ఐదుకి బదులు ఏడు పెట్టి చూసింది, ఖాళీలు తీసేసి చూసింది. నేను అడగలేదు.

ఆలాపన దగ్గర నడక మళ్లీ నెమ్మదించింది. మోహనం తీసుకున్నాం, 'నిన్ను కోరి' వర్ణం బాగా వచ్చు కాబట్టి అందులోని మాటలే వాడి రాగం పాడమన్నాను. సాహిత్యం తీసేసిన వర్ణం వచ్చింది. సుబ్బరామ దీక్షితులు గారు 1904లో తెలుగు లిపిలో అచ్చువేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో రాగాలకి సంచారులు, అంటే రాగం నడిచే తీరు చూపే స్వరాల వరసలు, ఉంటాయి, వాటిలో కొన్ని పాడించాను. రాగం ఎటు నడుస్తుందో తెలిసింది కానీ అదీ అప్పజెప్పడంలోకే దిగింది. తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. గది చీకటి, ఫోన్‌లో తంబురా యాప్ మాత్రం మోగుతోంది. "కరెంటొచ్చేదాకా గాంధారం మీదే కూర్చో, కదలొద్దు, కదిలినా మళ్లీ అక్కడికే రా" అన్నాను, ఏదో కాలక్షేపానికి. కాసేపు గాంధారాన్ని ఊరికే నిలబెట్టింది, తర్వాత రిషభం నుంచి దాన్ని తాకింది, పంచమం దాకా వెళ్లి జారి వచ్చింది, కింద ధైవతం నుంచి మెల్లగా పాకింది, ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంది, ఆ ఆగడం కూడా రాగంలోనే ఉంది. పది నిమిషాలైందో పదిహేనైందో. ఎక్కడిదీ ఈ మోహనం? నేను చెప్పింది కాదు, వర్ణంలోది కాదు.

కరెంటొచ్చింది. నా ముఖం చూసింది. పాట ఆగిపోయింది.

అదీ సంగతి. ఏడేళ్లుగా ఆ పిల్ల నా కనుబొమలు చదువుతూ పాడుతోంది. బాగాలేదని నోటితో అననని షరతు పెట్టుకున్నాను కానీ ముఖానికి పెట్టలేదు. మర్నాటి నుంచి మనోధర్మం సమయంలో నేను ఆమె వెనక కూర్చున్నాను. గది అదే, చాప అదే, నా చోటు మాత్రం మారింది. మొత్తం 14 నెలల్లో చేసిన పనులన్నిటిలోకీ ఫలితం ఎక్కువ ఇచ్చింది ఇదేనని నా నమ్మకం. ఇంకెవరైనా ప్రయత్నించి చూడండి, ఖర్చేమీ లేదు.

నెరవల్ మీద ఎక్కువ చెప్పను. 'వాతాపి'లోనే 'ప్రణవ స్వరూప వక్రతుండం' అన్న చోట చేశాం, మాటలు తాళంలో వాటి చోట్లలోనే ఉండాలి, స్వరం మారాలి. వాలడం వచ్చిన పిల్లకి అది పెద్ద కష్టం కాలేదు.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఆ 14 నెలల్లో కొత్త కృతులు మూడే అయ్యాయి. ఒక పోటీలో మొదటి వడపోతలోనే ఆగిపోయింది, స్వరంలో తడబడి ఒక ఆవర్తనం ఎక్కువ తీసుకుందని. వాళ్లమ్మ గారు మర్యాదగానే, "టీచర్ గారూ, ఇదివరకే బాగుండేది కదండీ" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, ఆ రోజుకి ఇదివరకే బాగుండేది. ఇదే పద్ధతి ఇంకో అబ్బాయితో కూడా మొదలుపెట్టాను. ఐదు నెలలకి వాళ్లు మాన్పించేశారు, ఇన్ని నెలలకి ఒక్క కీర్తన ఎక్కలేదని. తప్పు వాళ్లది కాదు. పదేళ్లవాడిని నోరు మూసుకుని తాళం వెయ్ అని కూర్చోబెడితే వాడికి విసుగు రాదూ? చిన్నవాళ్లకి ఇది గుంపులో ఆటగా ఉండాలి, గుండ్రంగా కూర్చుని తలా సగం ఆవర్తనం, తప్పినవాళ్లు తాళం వెయ్యాలి. ఇప్పుడు అలాగే చేస్తున్నాను, ఆ పిల్లవాడి విషయంలో ఆలస్యమైంది. ఆమెకి కొత్త జాడ్యం కూడా ఒకటి అంటుకుంది, ఏ రాగమైనా పంచమం మీద దిగి చతికిలబడుతుంది. ఇంకా పోలేదు.

కార్తీక మాసంలో ఒక గుళ్లో పాడింది. మళ్లీ అదే కృతి, అదే మృదంగం మాస్టారు, వయొలిన్ మాత్రం వేరే ఆవిడ. రెండో కాలం స్వరంలో ఎక్కడో లెక్క జారింది. నేను వెనక వరసలో ఉన్నాను, నా కడుపులో తిప్పింది. సమం వచ్చేసింది, ఆమె నిషాదం మీద వేలాడుతోంది. పల్లవి ఎత్తుకోలేదు. ఆగనూ లేదు. సమం దాటేసి, ఆ నిషాదాన్నే పట్టుకుని ఇంకో ఆవర్తనంలోకి వెళ్లిపోయి, ముందు ఏం పాడిందో దాన్నే కొంచెం తిప్పి, చివర ఐదు మూడుసార్లు వేసి దిగింది. మాస్టారు ఒక్క క్షణం ఆమె వైపు చూసి, దరువు తగ్గించి, కూడా వచ్చారు. అయ్యాక "అక్కడ జారావు కదమ్మా" అన్నారు నవ్వుతూ. "జారాను మాస్టారూ" అంది. "మంచి చోట జారావు" అన్నారాయన.

ఇప్పుడు ఆమెకి పదహారు దాటింది, ఆదివారాలు మా చిన్నపిల్లల గుంపుకి ఆ గుండ్రం ఆట ఆమె చేత చేయిస్తున్నాను. పోయిన వారం ఆ గుంపులో ఒక పాప నోట్‌బుక్కు చూశాను. హంసధ్వని, రెండో కాలం, రెండావర్తనాల స్వరాలు, నీలం ఇంకు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఎవరు రాశారే అంటే, "అక్క రాసిచ్చింది టీచర్" అంది.

అమ్మాయిని పిలిచి అడిగాను. తల దించుకుని, "వాళ్లకి పోటీ ఉంది టీచర్, వాళ్లమ్మ గారు చాలా అడిగారు, మరి ఆ పాప పాడుతుంటే వినలేకపోయాను" అంది.